పూర్తి అదనపు బాధ్యతలతో నూకరాజు

ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో మా ఉప్పుటేర్ల నిర్వహణ మండలి జట్టు ఓడిపోయిన తీరు గురించి బయట నానా రకాలుగా అనుకుంటున్నారు. ఆ నోళ్లు మూయించడానికే ఇది రాస్తున్నాను. మేం ఊరికే ఓడిపోలేదు. ప్రతి ఓటమికీ ముందస్తు అనుమతి ఉంది.

నా పేరు గొల్లకోట భీమశంకరం. మండలి కాకినాడ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి, జట్టులో మధ్య వరస ఆటగాణ్ణి. నన్ను ఎవరూ ఆడతావా అని అడగలేదు. సీనియారిటీ జాబితాలో పేరుంది కాబట్టి ఆడాను.

ఈ ఆట మా నెత్తిన పడిందెలాగో ముందు చెప్పాలి. మా కమిషనర్ త్రివిక్రమరావు గారు ఉప్పుటేర్ల నిర్వహణ మీద అధ్యయనానికి ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడ ఏరు చూడ్డానికి బయల్దేరితే దారిలో స్టేడియం అడ్డొచ్చింది. మర్నాడు కూడా అదే దారిన వెళ్లారట, మళ్లీ అదే అడ్డొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఉప్పుటేర్ల గురించి ఏమీ తేలేదు గానీ, బొప్పాయికాయలా కోలగా ఉన్న తోలుబంతి ఒకటి తెచ్చారు. దాన్ని టేబుల్ మీద పెట్టి మమ్మల్నందర్నీ పిలిపించారు.

"మిత్రులారా, ఈ క్రీడలో మైదానానికి రెండు చివరలా నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్య స్తంభాల నడుమ నుంచి బంతిని తంతే గోలు, ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క స్తంభం వైపు పోయిందనుకోండి..." ఇక్కడ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పోయినా ఒక పాయింటు ఇస్తారు. తప్పును సైతం సానుభూతితో పరిశీలించి గుర్తింపునిచ్చే క్రీడ ప్రపంచంలో ఇదొక్కటే. ఇది ప్రభుత్వోద్యోగుల కోసమే పుట్టిందని నా దృఢాభిప్రాయం."

అంతటితో ఆగలేదు. తన్నిన బంతిని గాల్లోనే శుభ్రంగా పట్టుకున్నవాడి జోలికి ఎవరూ రాకూడదట, వాడు తీరిగ్గా ఆలోచించుకుని తర్వాత తన్నొచ్చట. ఆ మాట వినగానే మా సూపరింటెండెంటు వీరేశలింగం గారి కళ్లు చెమర్చాయి. ఫైలు పట్టుకుని కూర్చున్నప్పుడు ఇలాంటి రక్షణ కావాలనే ఆయన సర్వీసంతా మొత్తుకుంటున్నారు.

నెల తిరిగేసరికి మిగతా శాఖలకూ ఈ పిచ్చి పట్టింది. పశుగ్రాస మండలికి ఒక జట్టు, చింతపండు మండలికి ఒక జట్టు, గుర్రపుడెక్క నిర్మూలన సంస్థకు ఒక జట్టు. నలుచదరంగా ఉన్న మా ఆఫీసు మైదానం కోడిగుడ్డు ఆకారంలోకి రావాలన్నారు. మూలలు నరికే క్రమంలో సైకిల్ స్టాండు పోయింది, క్యాంటీన్ సగం పోయింది. మిగిలిన సగంలో ఇప్పటికీ టీ దొరుకుతుంది, నిలబడే తాగాలి.

జట్టు ఎంపిక బాధ్యత పరిపాలనాధికారి కృపానందం గారిది. ఆయన రూలు తప్పి తుమ్మను కూడా తుమ్మరు. పద్దెనిమిది మందిని హోదా ప్రకారం మైదానం మీద పరిచారు. గోలు కొట్టే ముందు వరస గెజిటెడ్ అధికారులది, వాళ్లందరికీ ముందు కమిషనర్ గారు. మధ్యలో మాలాంటి గుమాస్తాలు. వెనక గోలు దగ్గర దెబ్బలు తినే చోటు నాలుగో తరగతి వాళ్లది. ఆ వరసలో కూడా చిట్టచివరి స్థానానికి ఎవరూ దొరక్క, కుంభాభిషేకం రేవు దగ్గరి లాకుల నుంచి ఒక టెంపరరీ లస్కర్ని పిలిపించారు.

అతనే ఉమ్మిడి నూకరాజు. లాకుల తలుపులెత్తి దించడం, పడవల మీంచి విసిరిన తాళ్లు పట్టి కట్టడం అతని పని. పదేళ్ల పైబడి చేస్తున్నాడు. ఏటా మార్చి నెలాఖరున ఒక్కరోజు అతన్ని ఉద్యోగంలోంచి తీసేసి మర్నాడు మళ్లీ వేస్తాం. అలా తెంపకపోతే సర్వీసు ఏకధాటిగా ఉందని పర్మినెంటు చెయ్యమంటాడు కదా, అందుకు. ఆ ఒక్కరోజూ అతని భార్య ఆదిలక్ష్మి మా ఆఫీసు మెట్ల మీదే కూర్చుంటుంది. మర్నాటి ఆర్డరు మీద సంతకం పడేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు. ఆ రోజు నేను వెనక గుమ్మంలోంచే వస్తాను, పోతాను. ఆ ఆర్డరు టైపు చేసేది నేనే మరి.

మొదటి మ్యాచ్ చింతపండు మండలితో. మొదలైన కాసేపటికే మా గెజిటెడ్ వరస గెజిటెడ్ వరసలాగే నిలబడిపోయింది. మధ్యలో మేం బంతి వస్తే పక్కకు తప్పుకుని దారిచ్చాం. చింతపండు వాళ్లు ఎడాపెడా గోల్స్ కొట్టేస్తున్నారు. అప్పుడొక బంతి మా వెనక గోలు వైపు ఎత్తుగా వచ్చింది. నూకరాజు పడవ తాడు అందుకున్నట్టు ఎగిరాడు. ఎగిరి ఒకడి భుజం మీద మోకాలు ఆన్చి, ఇంకా పైకి లేచి, బంతిని రెండు చేతులా ఒడిసి పట్టుకున్నాడు. మైదానం చుట్టూ ఉన్న జనం ఈలలతో చెవులు చిల్లులు పడేలా చేశారు.

బంతి ఇద్దామంటే ముందున్నవాళ్లలో ఒక్కడూ చేయి చాపలేదు. దాంతో అతనే బంతిని నేలకు కొట్టుకుంటూ, నన్ను దాటి, వీరేశలింగం గార్ని దాటి, కృపానందం గార్ని దాటి, ఆ చివరికి పరిగెత్తి గోలు కొట్టాడు. కొట్టి మళ్లీ పరిగెత్తుకుంటూ వచ్చి తన చోట నిలబడ్డాడు. అలా ఆ పూటంతా. మేం చిత్తుగా ఓడాం, కానీ మేం సాధించిన పాయింట్లన్నీ అతనివే. ముంజలమ్మే ఆవిడ గంప వదిలేసి వచ్చి అతనికి దిష్టి తీసింది.

కమిషనర్ గారు ఉబ్బితబ్బిబ్బైపోయి మైకు లాక్కున్నారు. "ఈ సీజనులో మా జట్టు ఉత్తమ ఆటగాడికి కప్పుతో పాటు, ఖాళీగా ఉన్న శాశ్వత లస్కరు పోస్టులో నియామకం ఇస్తామని సంతోషపూర్వకంగా ప్రకటిస్తున్నాను. ఇందులో ఎవరికీ ఎలాంటి మినహాయింపూ ఉండదు." ఆ మర్నాడే ఉత్తర్వు వచ్చింది. మినహాయింపు లేదన్న వాక్యం కింద ఆయన స్వయంగా గీత కూడా గీశారు.

నూకరాజు ఆ కాగితం పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు. "శంకరం గారూ, ఇది నిజవేనాండి? అయితే ఇంక మార్చిలో తెంపరాండి?"

"తెంపరోయ్. అరవై ఏళ్లు నిండేదాకా నిన్ను దేవుడు కూడా తెంపలేడు. ఆడు మరి."

"ఆడతానండి. దానికేముందండి," అన్నాడు. అతను పోయిన తర్వాత నేను టీ తాగుతూ నా మోకాళ్లను తిట్టుకున్నాను.

ఆ తర్వాత ఏ మ్యాచ్ చూసినా ఇదే వరస. మేం ఓడిపోతాం, నూకరాజు చెలరేగిపోతాడు. జనం మా ఓటమి కోసం బారులు తీరేవాళ్లు. ఇలా సాగితే బాగానే ఉండేది గానీ, కృపానందం గారికి నిద్ర పట్టలేదు. ఒకరోజు జట్టునంతా సమావేశపరిచి మెమో చదివారు.

"టెంపరరీ లస్కరు శ్రీ ఉమ్మిడి నూకరాజు తన అధికార పరిధి అయిన వెనక వరసను వదిలి, ఎట్టి లిఖితపూర్వక అనుమతీ లేకుండా గెజిటెడ్ పరిధిలో ప్రవేశించి, గోలు కొట్టు అధికారము తనకు దఖలు పడకున్నను పలుమార్లు గోలు కొట్టియున్నాడు. ఇకమీదట బంతి సక్రమ మార్గంలోనే నడవవలెను. లస్కరు జూనియర్ అసిస్టెంటుకు, జూనియర్ అసిస్టెంటు సీనియర్ అసిస్టెంటుకు, అతడు సూపరింటెండెంటుకు, వారు పరిపాలనాధికారికి, పరిపాలనాధికారి కమిషనర్ వారికి సమర్పించవలెను. అంతిమ తాపు కమిషనర్ వారిది."

"అయ్యా, ఈలోగా అవతలోళ్లు లాగేసుకుంటారండి," అన్నాడు నూకరాజు.

"లాగుకొనినచో అది వారి క్రమశిక్షణారాహిత్యము. మనది కాదు," అన్నారు కృపానందం గారు.

గుర్రపుడెక్క సంస్థతో ఆడిన మ్యాచ్ ఈ పద్ధతిలో ఆడాం. నూకరాజు ఎగిరి పట్టి జూనియర్‌కి తన్నాడు, జూనియర్ నాకు తన్నాడు, నేను కళ్లు మూసుకుని వీరేశలింగం గారికి తన్నాను. బంతి దానంతటదే వచ్చి ఆయన పొట్ట మీద కూర్చుంది. పట్టుకున్నవాడి జోలికి ఎవరూ రాకూడదు కదా. ఆయన బంతిని అటు తిప్పి, ఇటు తిప్పి, కుట్లు పరిశీలించి, నా వైపు చూసి "వచ్చి మాట్లాడండి" అన్నారు. వెళ్లాను. ఈ బంతి ఏ సందర్భంలో వచ్చింది, ఇంతకుముందు ఇలాంటి బంతి వచ్చినప్పుడు ఏం చేశాం అని అడిగారు. అంపైరు ఈల ఊది ఊది బుగ్గలు నొప్పెట్టి కూర్చున్నాడు. చివరికి వీరేశలింగం గారు కృపానందం గారికి పంపకుండా, వివరణ కోరుతూ బంతిని తిరిగి నూకరాజుకే తన్నించారు.

ఆ మ్యాచ్ మొత్తంలో కమిషనర్ గారి దాకా వెళ్లిన బంతి ఒక్కటే. ఆయన దాన్ని పక్క స్తంభం వైపు తన్నారు. ఒక పాయింటు వచ్చింది. ఆఫీసు తరఫున పూలదండ వేశాం.

ఓటములు పెరుగుతున్నకొద్దీ దెబ్బలూ పెరిగాయి. ముందుగా జూనియర్ అసిస్టెంటు మడమ బెణికిందని మెడికల్ లీవు పెట్టాడు. మామూలుగా అయితే ఇంకొకణ్ణి వెతకాలి. కానీ మా ఆఫీసులో తరతరాల ఆనవాయితీ ఒకటుంది. ఎవరి కుర్చీ ఖాళీ అయినా, ఇప్పటికే పనిచేస్తున్నవాడి నెత్తినే దాని పని కూడా పెడతాం. పని చెయ్యనివాడికి ఇస్తే పని పాడవుతుంది కదా. కృపానందం గారు అదే చేశారు. "జూనియర్ అసిస్టెంటు స్థానమునకు శ్రీ నూకరాజును పూర్తి అదనపు బాధ్యతలతో ఇన్‌ఛార్జిగా నియమించడమైనది."

ఆ ఆర్డరు చూడగానే ఆఫీసులో ఎక్కడెక్కడి పాత నొప్పులూ బయటికొచ్చాయి. వీరేశలింగం గారికి నడుం పట్టేసింది. నాకు షుగరు పెరిగింది, అబద్ధమెందుకు, ఆ ముందురోజు రెండు కాజాలు తిన్నాను. గెజిటెడ్ వరసలో ఇద్దరికి వేలు బెణికితే, బంట్రోతుల దాకా మిగతావాళ్లందరికీ వాళ్లను చూసి నీరసమొచ్చింది. ప్రతి ఖాళీకీ అదే ఆర్డరు, అదే పేరు. ఆఖరి మ్యాచ్ నాటికి కృపానందం గారు రూళ్లు చూసుకోవడానికి ఆట నుంచి సెలవు తీసుకున్నారు. కమిషనర్ గారు కప్పు అందుకోవడానికి కొత్త సూటు వేసుకున్నందువల్ల మైదానంలోకి దిగలేకపోయారు. కమిషనర్ స్థానం కూడా నూకరాజుకే. ఆ ఆర్డరు మీద సంతకం కమిషనర్ గారిదే.

ఆఖరి మ్యాచ్ పశుగ్రాస మండలితో. వాళ్లు పద్దెనిమిది మంది దిగారు. మా వైపు నుంచి నూకరాజు దిగాడు. అంపైరు మా శిబిరానికి వచ్చి "మిగతావాళ్లేరండీ?" అన్నాడు.

కృపానందం గారు ఆర్డర్ల కట్ట చూపించారు. "ఖాళీలు లేవు. పద్దెనిమిది పోస్టులూ భర్తీ అయియున్నవి. భర్తీ అయిన జట్టును ఆడనివ్వకపోవుటకు మీకు ఏ నిబంధన క్రింద అధికారమున్నదో తెలుపగలరు." అంపైరు కాసేపు ఆకాశం వైపు చూసి ఈల ఊదాడు.

నూకరాజు మొదట మా వెనక గోలు దగ్గర నిలబడి చేతులు కట్టుకుని నా వైపు చూశాడు. "శంకరం గారూ, ఒక్కణ్ణైనా సక్రమ మార్గంలోనే ఆడాలాండి?"

"ఆడాలట," అన్నాను, ఒళ్లు మండిపోతూ. "నీకు నువ్వే సమర్పించుకో."

అప్పుడు జరిగిన ఆటను నేను జన్మలో మర్చిపోలేను. పశుగ్రాస ఆటగాళ్లకు ఒక్కొక్కరికీ ఎదుటి జట్టులో తమ సరిజోడును వదలకుండా కాచుకోమని ఆదేశముంది. వాళ్లూ ప్రభుత్వోద్యోగులే, ఆదేశం జవదాటరు. ఆ పద్దెనిమిది మందికీ సరిజోడు నూకరాజే. దాంతో అందరూ అతని చుట్టూ మూగారు. తీర్థంలో రథం చుట్టూ జనంలా అతను ఎటు కదిలితే ఆ గుంపు అటు కదిలేది, ఒకడి కాలు ఒకడు తొక్కుకునేవాడు. నూకరాజు లస్కరు హోదాలో బంతిని గుంపు నెత్తి మీంచి ఎత్తుగా తన్ని, వాళ్ల చంకల కిందినుంచి దూరి పరిగెత్తి, జూనియర్ అసిస్టెంటు హోదాలో అందుకునేవాడు. అందుకున్నట్టు ఒక దండం పెట్టేవాడు. మళ్లీ తన్ని సీనియర్ అసిస్టెంటు హోదాలో, అంటే నా హోదాలో, పట్టుకునేవాడు. నా స్థానం అంత గొప్పగా ఎవరూ ఆడగా నేను చూడలేదు. గర్వంతో నాకు ఏడుపొచ్చింది.

సూపరింటెండెంటు హోదాలో ఒకసారి అతను బంతిని కొర్రీ వేసి వెనక్కి తన్నాడు. గుంపంతా ముందుకు దూకింది, బంతి వెనక్కి పోయింది. వాళ్లు ఒకరి మీద ఒకరు పడి, లేచి చూసేసరికి అతను వెనక్కెళ్లి వివరణ జత చేసుకుని మళ్లీ ముందుకొచ్చి, పరిపాలనాధికారిగా ఆమోదించి, కమిషనర్‌గా గోలు కొట్టేశాడు. కొర్రీ వల్ల పని జరగడం మా మండలి చరిత్రలో అదే మొదటిసారి. వీరేశలింగం గారు పట్టేసిన నడుంతోనే ఎగిరి గంతేశారు.

గెలిచాం. సీజను మొత్తం మీద ఒకే ఒక్క గెలుపు. జనం మైదానంలోకి విరుచుకుపడి నూకరాజును ఎత్తేశారు. ఆదిలక్ష్మి దూరంగా సగం క్యాంటీన్ గోడ పక్కన నిలబడి కొంగుతో కళ్లొత్తుకుంటోంది. నన్ను చూసి "ఇంక అయిపోయినట్టేనా బాబుగారూ?" అంది. "అయిపోయినట్టే అమ్మా," అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

బహుమతులివ్వడానికి మంత్రిగారు వచ్చారు. ఉత్తమ ఆటగాడి పేరు తేల్చడానికి కమిషనర్ గారు, కృపానందం గారు వేదిక వెనక గుసగుసలాడుకున్నారు. కమిషనర్ గారి కన్ను కప్పు మీద ఉంది. ఆస్ట్రేలియాలో ఎవరికో ఫొటో పంపిస్తానని మాటిచ్చారట. చివరికి కృపానందం గారు మైకు ముందుకొచ్చారు.

"ఇన్‌ఛార్జి అధికారి చేసిన ఏ పనైనను ఆ పోస్టు చేసినట్టే గాని వ్యక్తి చేసినట్టు కాదు. అనుమతి గల గోల్స్ అన్నియు కమిషనర్ స్థానము నుండి కొట్టబడినవి. కావున ఉత్తమ ఆటగాడు కమిషనర్ శ్రీ త్రివిక్రమరావు గారు. ఇక శ్రీ నూకరాజు అసలు పోస్టు వెనక వరస లస్కరు. ఆ స్థానములో వారు ఆటలో అధిక భాగము కనిపించలేదు. గైరుహాజరుకు సంజాయిషీ కోరడమైనది."

కమిషనర్ గారు చిరునవ్వుతో కప్పు అందుకున్నారు. ఫొటోలు తీశారు. జనంలోంచి కేకలు లేచాయి గానీ బ్యాండు మేళం ముంచేసింది. ఇక దిగిపోదామనుకుంటుండగా కృపానందం గారు రెండో కాగితం తీసి మంత్రిగారి చేతికిచ్చారు. మంత్రిగారు చదవకుండానే దాన్ని కమిషనర్ గారి చేతికిచ్చి కరచాలనం చేశారు.

అది కుంభాభిషేకం రేవు లాకులకు శాశ్వత లస్కరుగా నియామకపు ఉత్తర్వు.

కమిషనర్ గారి ముఖం కత్తివేటుకి నెత్తురుచుక్క లేనట్టయింది. "కృపానందం గారూ, ఇదేమిటి? ఇది నాకెలా వర్తిస్తుంది?"

"మినహాయింపు లేదని తమరే గీత గీసియున్నారు సార్," అన్నారాయన వినయంగా. "రేపు ఉదయం ఆటుపోటు వేళకు విధుల్లో చేరవలసియున్నది. ఖాకీ నిక్కరు స్టోర్సులో తీసుకొనగలరు."

కృపానందం గారిని ఎన్నో ఏళ్లుగా తిట్టుకుంటున్నాను. ఆ పూట మాత్రం ఆ మనిషికి సాష్టాంగం చెయ్యాలనిపించింది.

మర్నాడు కమిషనర్ కుర్చీ ఖాళీ. ఆర్డర్ల కట్ట తిరగేస్తే, కమిషనర్ స్థానానికి నూకరాజును పూర్తి అదనపు బాధ్యతలతో వేసిన ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది. అది ఆట వరకేనని అందులో ఎక్కడా లేదు. జీపు పంపించి అతన్ని తీసుకొచ్చి ఏసీ గదిలో కూర్చోబెట్టాం. డవాలా బంట్రోతు నమస్కారం పెడితే తిరిగి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

నేను ఉత్సాహంగా ఫైలు తయారుచేసి పట్టుకెళ్లాను. లస్కరు నూకరాజు సర్వీసు పర్మినెంటు చేసే ఫైలు. సంతకం పెట్టే అధికారం కమిషనర్‌ది, కమిషనర్ అతనే. ఇంకేం కావాలి? నూకరాజు కలం తీసి, చెమట తుడుచుకుని, "ఎక్కడ పెట్టాలండి?" అన్నాడు.

కృపానందం గారు తలుపు దగ్గర నిలబడి దగ్గారు. "తన విషయములో తానే ఉత్తర్వులు జారీ చేయు అధికారము ఏ అధికారికీ లేదు సార్. తమరికి తెలియనిది కాదు." ఫైలు మడిచి తీసుకుపోతూ, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి మార్చి నెలాఖరు దగ్గరపడుతోందని కూడా గుర్తుచేశారు. ఆ ఒక్కరోజు కమిషనర్ గార్ని తెంపాలి కదా.

మధ్యాహ్నం ఆదిలక్ష్మి క్యారియర్ పట్టుకుని వచ్చింది. చెప్పులు బయట విడిచి, చల్లటి గదిలోకి భయంభయంగా అడుగుపెట్టింది. ఎత్తు కుర్చీలో మొగుణ్ణి, టేబుల్ మీద ఫోన్లను, గోడ మీది పటాలను చూసింది. నేను అక్కడే ఉన్నాను, ఆమెకేసి చూడలేక ఫైళ్లు సర్దుతున్నట్టు నటించాను.

"గది బానే ఉంది గానీ మావా, పర్మినెంటయ్యిందా?"

నూకరాజు తల దించుకున్నాడు. "లేదే. కమిషనర్నయ్యాను."

ఆమె క్యారియర్ గిన్నెలు విప్పి, అన్నం కలిపి అతని ముందుకు తోసింది.

"పోన్లే, బాధపడకు," అంది. "వచ్చే ఏడైనా కాస్త బాగా ఆడు."